ఇంటింట నొక వ్రాఁతపుస్తకము



నేఁడు నేను చెప్పఁబోవు విషయము చూపునకు మిక్కిలి చిన్నది. కిరాణా అంగడిలో సబ్బుల ప్రక్కను దొంతిగా పేర్చియుండు నోటుపుస్తకమును గుఱించి నాలుగు మాటలు చెప్పఁదలఁచితిని. బడికి పోవు పిల్లలకొఱకు దానిని కొనుట మనకు వాడుకయే. కాని సంసారము నడపు పెద్దలకు అట్టి పుస్తకమొకటి ఏల కావలెను, ఎట్టిదానిని ఎన్నుకొనవలెను, అందులో ఎట్లు వ్రాయవలెను, వ్రాసినదానిని ఎట్లు కాపాడుకొనవలెను అను నాలుగు ప్రశ్నలకు నాకు తోఁచిన సమాధానములను క్రమముగా మనవి చేయుదును.

నేను నౌపడ ప్రాంతమువాఁడను. ఒక ప్రక్కను ఉప్పుమడులు, వాని కవతల సముద్రము, పైకి పోయినకొలఁది కొబ్బరి జీడిమామిడి తోఁటల ఉద్దానము, ఇటు టెక్కలి, అటు పలాస. ఈ నడుమనే నా జీవితము గడచినది. ఇతరుల లెక్కలు వ్రాసిపెట్టుటయు, పాత లెక్కలు చదివి చెప్పుటయు చాలకాలము నా పని. కావున నా మాటలు ఈ ఉప్పుగాలి తగులు ఊళ్లకు సరిపడునట్లుండును. మెట్టసీమలవారు తమ కనువైనంత గ్రహింపవచ్చును.

వ్రాఁత మన పల్లెలకు క్రొత్తది కాదు. కాగితము వాడుకకు రాకపూర్వము కరణము తాటాకుపై గంటముతో భూముల హద్దులు, శిస్తులు, ఊరి వృత్తాంతములు వ్రాసి కట్టకట్టి ఉంచెడివాఁడు. ఆ కట్టలకే కవిలెలని పేరు. 1821 లో మరణించిన కల్నలు మెకంజీ దొర తన యుద్యోగులచేత ఊరూరి కైఫీయతులను వ్రాయించినపుడు ఆ కవిలెలే వారికి ముఖ్యాధారములైనవి. తరువాత మెకంజీ కాగితములు పాడగుచుండఁగా సి.పి. బ్రౌను దొర పూనుకొని వానికి నకళ్లు వ్రాయించెను. వ్రాయుట యొక పని, వ్రాసినదానిని నిలుపుట మఱియొక పని యని దీనివలన తెలియుచున్నది.

ఆంధ్రప్రదేశమున 1984 లో కరణీకములు రద్దయినవి. భూమిలెక్క నేఁడు ప్రభుత్వపు కంప్యూటరులో నున్నది. కాని మన తోఁటలో ఎన్ని కొబ్బరిచెట్లు కాపునకు వచ్చినవో, అన్నదమ్ములలో ఎవరు ఎవరికి ఎంత సొమ్ము ఎప్పుడిచ్చిరో, ఇంటి పెద్దకు ఏ నెలలో ఏ మందు మార్చిరో ఆ కంప్యూటరునకు తెలియదు. ఈ లెక్కకు ఇంటి యజమానియే కరణము కావలెను.

“నాకన్నియు జ్ఞాపకమున్నవి” అని కొందఱు పెద్దలందురు. జ్ఞాపకముండుట నిజమే, కాని అది తేదీతో ఉండదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిరి. ఆయన 1830 లో కాశీకి బయలుదేఱి, 1831 లో గంజాము, శ్రీకాకుళము, విశాఖపట్టణముల మీఁదుగా మద్రాసు చేరిరి. దారిలో దిగిన ఊరు, నడచిన దూరము, దొరకిన నీరు, సరుకులు మున్నగువానిని దినక్రమమున వ్రాసికొనిరి. ఆ వ్రాఁత 1838 లో కాశీయాత్ర చరిత్ర యను పేర అచ్చుపడినది. ఆయన కవిత్వము చెప్పఁబూనలేదు; చూచినదానిని చూచినట్లు తేదీతో వ్రాసిరి. దాదాపు రెండువందలయేండ్ల పిమ్మట కూడ నాఁటి మన దారులు, సత్రములు ఎట్లుండెనో దానినుండియే తెలిసికొనుచున్నాము. ఆయనతో వచ్చినవారికిని అన్నియు జ్ఞాపకముండియే యుండును. ఆ జ్ఞాపకములు వారితోనే పోయినవి.

ఇఁక మన ప్రాంతమునకు ప్రాణముమీఁదికి వచ్చిన సంగతి చెప్పెదను. ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఎన్ని కుటుంబములను క్రుంగఁదీసినదో మీకు నేను చెప్పనక్కఱలేదు. దానికి ఇదియే కారణమని వైద్యశాస్త్రము ఇంకను నిర్ధారణ చేయలేదు. 2023 డిశంబరులో పలాసలో ఈ వ్యాధికై ఆసుపత్రియు, పరిశోధనాకేంద్రమును ప్రారంభమైనవి. ఈ వ్యాధి మొదట నొప్పి పెట్టదు. చాలవఱకు ముదిరినపిమ్మటనే బయటపడును. రక్తములో క్రియాటినిను అను పదార్థమెంత యున్నదో కొలిచి వైద్యులు మూత్రపిండముల శక్తిని అంచనా కట్టుదురు. ఒకనాఁటి అంకె యొక్కటి చాలదు. లోపము మూఁడు నెలలకు మించి నిలిచియున్నపుడే దానిని దీర్ఘవ్యాధి యని వైద్యులు పేర్కొందురు. అనఁగా ఈ రోగమును గుర్తించుటలోనే తేదీ యొక భాగమై యున్నది.

జనవరిలో ఒక అంకె, మేనెలలో ఒక అంకె, సెప్టెంబరులో ఒక అంకె, వాని ప్రక్కను రక్తపు పోటు, శరీరపు బరువు, వాడుచున్న మందుల పేర్లు ఒకే పుటలో వరుసగా నున్నచో, వ్యాధి నిలిచినదో పెరుఁగుచున్నదో వైద్యుఁడు ఒక్క చూపున గ్రహించును. ఒక చీటీ టెక్కలిలో, ఒకటి శ్రీకాకుళములో, ఒకటి విశాఖపట్టణములో నిచ్చినవై, అందు రెండు పోయి ఒకటి మిగిలినచో, ఆయన మొదటినుండి ప్రారంభింపవలసివచ్చును. ఆ ప్రారంభమునకు పట్టు నెలలు రోగి కాయుర్దాయములోనివి. మఱియొక సంగతి. యంత్రమునుండి వెలువడు నున్నని చీటీలు కొన్ని యుండును. బ్యాంకు యంత్రములు, కొన్ని అంగళ్లు, ఆసుపత్రులు అట్టివాని నిచ్చును. వానిపై నున్నది సిరా కాదు. వేఁడి తగిలినచోట నల్లబడు కాగితమది. కొన్ని నెలలలో ఆ అక్షరములు వెలిసిపోవును. అట్టి చీటీని పెట్టెలో దాఁచినంతమాత్రమున లాభము లేదు. ఆనాఁడే పుస్తకములోనికి ఎత్తి వ్రాసికొనవలెను.

ఆస్తి విషయమును చూడుఁడు. 2018 అక్టోబరు 11 వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాఁటినది. తండ్రులు తాతలు నాటిన కొబ్బరిచెట్లు ఉద్దానమున ఒక్క రాత్రిలో నేలకొఱగినవి. దేశవాళి కొబ్బరి మొక్క నాటినచో కాపునకు వచ్చుటకు అయిదాఱేండ్లు, ఒక్కొక్కచోట అంతకంటె నెక్కువ పట్టును. అట్టి దినములలో నష్టము లెక్కించువారు వచ్చి అడిగినపుడు, ఏ గట్టున ఎన్ని చెట్లు, అవి ఏ సంవత్సరమున నాటినవి, పోయిన యేట ఎన్ని కాయలు దిగినవి అని పుస్తకము తీసి చూపఁగలవాని మాట వేఱు. కూలిన తోఁటవైపు చేయి చూపువాని మాట వేఱు.

చట్టము కూడ ఈ భేదమును పాటించినది. 1872 నాఁటి సాక్ష్యచట్టములోని 34 వ సెక్షను, క్రమముగా వ్రాయఁబడుచున్న లెక్కపుస్తకములోని పద్దులు సాక్ష్యమునకు పనికివచ్చునని చెప్పినది. అయితే ఆ పద్దులు మాత్రమే ఒకనిని బాధ్యునిగా నిర్ణయించుటకు చాలవనియు చెప్పినది. 2024 జూలై 1 వ తేదీనుండి దాని స్థానమున భారతీయ సాక్ష్య అధినియమము అమలులోనికి వచ్చినది. అందులోను ఈ నియమము నిలిచియున్నది. 1998 లో హవాలా అభియోగమని పేరుపొందిన వ్యవహారమున సుప్రీముకోర్టు పుస్తకమనఁగా నేమో విచారించినది. ఒకటిగా కూర్చి కట్టిన కాగితములే పుస్తకమనియు, విడికాగితములను సులభముగా తీసివేసి వేఱువానిని పెట్టవచ్చును గనుక అవి పుస్తకము కావనియు తీర్పు చెప్పినది. తీఁగ చుట్టిన స్పైరలు పుస్తకములను మాత్రము పుస్తకములుగానే అంగీకరించినది. దీనినిబట్టి మనము నేర్చుకొనవలసినవి రెండు. విడికాగితములపై వ్రాయరాదు. ఎప్పుడో జ్ఞాపకము వచ్చినపుడు గాక క్రమము తప్పక వ్రాయవలెను.

పుస్తకము కావలెనని నిశ్చయించుకొన్నాము. ఇఁక అంగడికి పోవుదము.

మొదట అట్టమీఁది బొమ్మను చూడక కుట్టును చూడవలెను. చవుక పుస్తకములకు నడుమ రెండు ఇనుపపిన్నులు గ్రుచ్చియుందురు. మన తీరమున గాలియందు ఉప్పున్నది. రెండు వర్షకాలములు గడచునప్పటికి ఆ పిన్ను త్రుప్పుపట్టి, చుట్టునున్న కాగితమును గోధుమవన్నెకు త్రిప్పి, తుదకు తానున్నచోటనే కాగితమును తినివేయును. నడిమి ఆకులు ఊడివచ్చును. కేవలము జిగురుతో అంటించిన పుస్తకము విప్పినపుడు వీఁపు పగిలి ఆకులు రాలును. స్పైరలు పుస్తకమునుండి ఆకు చింపుట సులభము. ఇనుపతీఁగ యైనచో దానికిని త్రుప్పు తప్పదు. కనుక దారముతో కుట్టి, వీఁపునకు గుడ్డ అంటించి, దళసరి అట్ట వేసిన రిజిష్టరు ఉత్తమము. పుస్తకమును నడిమికి విప్పి, మడతలో దారము కనఁబడుచున్నదో లేదో చూడుఁడు. బల్లపై నుంచినపుడు చేయి అదిమిపెట్టకయే రెండు ప్రక్కలును పఱచుకొనవలెను. అట్లు పఱచుకొనని పుస్తకములో లోపలి అంచున వ్రాయుట కష్టము. వ్రాయుట కష్టమైనది కొన్నాళ్లకు మూలపడును.

రెండవది కాగితపు దళసరి. ఒక చదరపు మీటరు కాగితము ఎన్ని గ్రాములు తూఁగునో ఆ అంకెను జి.ఎస్.ఎం. అందురు. సామాన్యపు బడిపుస్తకములలో 60 కి లోపుగానో, దానికి చేరువగానో ఉండును. నిలువయుంచఁదగిన పుస్తకమునకు 70 మంచిది. కొన్ని పుస్తకముల అట్టపై ఈ అంకె అచ్చువేసి యుండును. లేనిచో అంగడిలోని త్రాసే చెప్పును. ఏ4 అను కొలత కాగితము 29.7 సెంటీమీటర్ల పొడవు, 21 సెంటీమీటర్ల వెడల్పు ఉండును. పదునాఱు ఆకులు కలిసి ఒక చదరపు మీటరగును. 200 పుటల పుస్తకమనఁగా నూఱు ఆకులు. అది 60 జి.ఎస్.ఎం. కాగితమైనచో అట్టలు గాక సుమారు 375 గ్రాములు తూఁగవలెను. 70 ఐనచో సుమారు 437 గ్రాములు తూఁగవలెను. తూఁకము మిక్కిలి తక్కువైనచో కాగితము పలుచనిదో, పుటలు తక్కువో అయియుండవలెను. పుటలకును ఆకులకును గల భేదమును కొనునపుడే గమనింపవలెను.

మూఁడవది సిరాను పట్టు గుణము. అంగడివానిని అడిగి చివరి ఆకు మూలను మీ కలముతోనే మీ పేరు వ్రాయుఁడు. అక్షరము అంచులు ఈఁకలవలె ప్రాఁకినచో కాగితమునకు తగినంత గంజి, జిగురు పట్టింపలేదని తెలియును. ఆకు త్రిప్పి చూచినపుడు వెనుకవైపున వ్రాఁత స్ఫుటముగ కనఁబడినచో రెండవవైపు వ్రాయుటకు పనికిరాదు; 200 పుటలకు ధర యిచ్చి నూఱు పుటలే కొన్నట్లు. మిక్కిలి తెల్లగా మెఱయు కాగితము దీపపు వెలుఁగున కన్నులకు శ్రమ కలిగించును. కొంచెము మీఁగడవన్నె గలది వయసు చెల్లినవారికి హితము. కాని వార్తాపత్రికల కాగితమువంటి మట్టివన్నెదానిని మాత్రము నిలువ పుస్తకముగా కొనరాదు. కఱ్ఱలోని లిగ్నిను అను పదార్థము అందులో మిగిలియుండుటచే వెలుఁగు సోఁకినకొలఁది పసుపెక్కి పెళుసగును.

కఱ్ఱ మాట వచ్చినది గనుక ఒక్క సంగతి చెప్పి ముందుకు పోవుదును. రాజమహేంద్రవరపు కాగితపు మిల్లు 1924 లో పుట్టినది; ఒడిశాలోని రాయగడ దగ్గఱ మిల్లు 1962 లో నడువనారంభించినది. ఆంధ్రతీరమున పెంచు సరుగుడు కఱ్ఱ కాగితపు మిల్లులకు ముడిసరుకు. అంగడిలో మనము కొను పుస్తకములో మన యిసుకనేలలోని సరుగుడు కూడ ఉండవచ్చును.

నాలుగవది గీఁత. తెలుఁగక్షరమునకు మీఁద గుడియు, తలకట్టును, క్రింద ఒత్తులును ఉండును. ఇంగ్లీషునకు సరిపడిన ఇఱుకుగీఁతలలో మన ఒత్తులు క్రింది వరుస తలకట్టులను తాఁకి, “ష్ట్ర” వంటి అక్షరములు చదువరానివగును. గీఁతకు గీఁతకు నడుమ ఎనిమిది మిల్లీమీటర్లకు తక్కువ కానిదానిని ఎన్నుకొనుఁడు. ఎడమ ప్రక్కను నిలువుగీఁత గలది తేదీ వ్రాయుటకు మేలు. పరిమాణము సంగతి చెప్పవలసినచో, ఇంట నుండు పుస్తకము పెద్దదిగాను, తోఁటకును మడికిని తీసికొనిపోవునది జేబులో పట్టునంత చిన్నదిగాను ఉండవలెను. ఒక్క పుస్తకముతో రెండు పనులు చేయఁబోయినచో, ఇంటిది తడిసిపోవును.

కలమును గూర్చి కొంచెము చెప్పవలెను. రాజమహేంద్రవరపు రత్నము కలములు స్వదేశోద్యమపు దినములనుండి పేరుగాంచినవి. సిరాకలముతో వ్రాసిన వ్రాఁత అందము నేనెఱుఁగుదును. కాని సామాన్యపు సిరాలోని రంగు నీటిలో కరఁగును. బాల్‌పాయింటు కలములోనిది నూనెవంటి ముద్దసిరా. అది నీటికి సులభముగా కరఁగదు. తుపానుల సీమలో లెక్కపుస్తకమునకు అదియే తగును. పెన్సిలు గీఁత నీటికి పోదు, ఎండకు వెలవదు. కాని రబ్బరుతో చెఱపవచ్చును గనుక సొమ్ములెక్కకు తగదు. జెల్లు కలములు కొన్ని నిలుచును, కొన్ని నిలువవు. సందేహమున్నచో ఒక కాగితముక్కపై వ్రాసి, ఒక దినము ఆఱనిచ్చి, సగము నీటిలో ముంచి చూడుఁడు. మఱియొక ముక్కను నెల దినములు ఎండలో నుంచుఁడు. రెండింటికిని నిలిచినదే మీ కలము.

ఇఁక వ్రాయు విధము. మొదటి పుటలో ఇంటిపేరు, ఊరు, పుస్తకము దేనికొఱకో, ఏ తేదీని మొదలుపెట్టితిమో వ్రాయవలెను. పిమ్మట ఒక సాయంకాలము కూర్చుండి పుటలన్నిటికిని వరుస అంకెలు వేయవలెను. అంకెలున్న పుస్తకములో ఆకు చినిఁగినచో దాఁగదు.

తేదీ వ్రాయునపుడు సంవత్సరమును నాలుగంకెలతో వ్రాయుఁడు. మన పెద్దలు “విరోధి సంవత్సర ఫాల్గుణ బహుళ పంచమి” అని వ్రాసి తృప్తిపడిరి. ప్రభవాదులు అఱువదియేండ్ల కొకమాఱు తిరిగివచ్చును. 1949 ఉగాదికిని విరోధియే, 2009 ఉగాదికిని విరోధియే. రెవెన్యూ కాగితములలోని ఫసలీ జూలై 1 వ తేదీతో మాఱును. దానికి 590 కలిపినచో ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరము వచ్చును. ఒరియా పంచాంగములలోని పూరీ గజపతుల అంకము మఱియు చిత్రమైనది. అందు ఒకటి యుండదు; ఆఱుతో ముగియు అంకెలుండవు; పది దక్క సున్నతో ముగియునవియు నుండవు. అంకము తెలియనివాఁడు పాతపత్రము చదివి రాజు పాలనకు లేని యేండ్లు కలుపును. తిథి వ్రాయవలదని నేననను. తిథి వ్రాసి, దాని ప్రక్కను ఇంగ్లీషు తేదీ కూడ వ్రాయుఁడు.

అట్లే ప్రతి అంకె ప్రక్కను అది దేని లెక్కయో వ్రాయవలెను. పలాస జీడివ్యాపారములో బస్తా యన్నచో ఎనుబది కిలోలని అందఱెఱుఁగుదురు. ధాన్యపు బస్తా వేఱు, ఉప్పు బస్తా వేఱు. కుంచము ఊరికొక తీరున నుండెడిది. 1957 ఏప్రిలు 1 వ తేదీకి పూర్వపు లెక్కలలో రూపాయికి పదునాఱణాలు, అణాకు పండ్రెండు పైలు. ఆ దినమునుండి రూపాయికి నూఱు నయాపైసలు. “మూఁడు నాలుగు” అని మాత్రమే వ్రాసిన పాతపద్దు మూఁడు రూపాయల నాలుగణాలో, నాలుగు పైలో నేఁడెవరు చెప్పఁగలరు? వ్రాయువాఁడు తనకు తెలిసినదేకదా యని విడిచిన మాటయే చదువువానికి చీఁకటి యగును.

తప్పు పడినచో దానిపై దిద్దరాదు; తెల్లరంగు పూయరాదు; ఆకు చింపరాదు. పాత అంకె కనఁబడునట్లు ఒక్క గీఁత అడ్డముగా గీచి, ప్రక్కను సరియైనది వ్రాసి, పొడియక్షరములు పెట్టవలెను. సొమ్ము పద్దులలో మొత్తమును అంకెలతోను అక్షరములతోను వ్రాయవలెను. ఇచ్చిపుచ్చుకొన్న సొమ్ము పెద్దదైనచో పుచ్చుకొన్నవానిచేత అచ్చటనే సంతకము చేయించుట ఇద్దఱికిని మేలు. పద్దుకును పద్దుకును నడుమ ఖాళీ విడువరాదు. ఆ ఖాళీలో తరువాత ఎవఁడో ఒక సున్న చేర్పఁగలఁడు.

మన వర్తకుల పద్ధతి ఇంటికిని అనుకూలమే. ఏనాఁటి దానాఁడు వరుసగా వ్రాయునది చిట్టా. పేరుపేరున విడదీసి ఎత్తివ్రాయునది ఆవర్జా. ఇంటి చిట్టాకు దినమునకు మూఁడు నాలుగు పంక్తులు చాలును. రాత్రి భోజనమైన వెంటనే వ్రాయు నియమము పెట్టుకొన్నచో ఐదు నిమిషముల పని. నెలకొకమాఱు దానినుండి ఆవర్జాలోనికి ఎత్తవలెను: ఆరోగ్యమునకు కొన్ని పుటలు, తోఁటకు కొన్ని, అప్పులకు కొన్ని, ఇంటి మరమ్మతులకు కొన్ని. దూరదేశమునకు పనికి పోయిన కుమారుఁడు పంపిన సొమ్మునకు ప్రత్యేకముగా ఒక పుట ఉంచుఁడు. అతఁడు తిరిగివచ్చినపుడు మాటపట్టింపులు లేకుండును.

ఉప్పుమడివారికి ఒక పట్టిక చెప్పుదును. తేదీ, నీటి డిగ్రీ, గాలివాన, తీసిన ఉప్పు అని నాలుగు వరుసలు గీయవలెను. బామె కొలతలో సుమారు 25 డిగ్రీలకు నీరు వచ్చినపుడు ఉప్పు కట్టుట మొదలిడును. 29, 30 డిగ్రీలు దాఁటిన నీటిని మడిలోనే నిలిపినచో మెగ్నీషియము లవణములు చేరి ఉప్పు చేఁదెక్కును. ఏ పక్షమున నీరు ఎన్ని దినములకు 25 కి వచ్చినదో మూఁడేండ్లు వ్రాసియుంచినచో, నాలుగవయేట మడికి నీరు ఎప్పుడెక్కింపవలెనో ఆ పుటలే చెప్పును.

ఇఁక కాపాడుట. మడ్డి ఉప్పు వానకాలమున తనంత తానే చెమ్మగిల్లుట మీరెఱిఁగినదే. అందలి మెగ్నీషియము లవణము గాలిలోని తడిని లాగుటయే దానికి ముఖ్యకారణము. మడిలో పనిచేసి చేతులు కడుగక పుస్తకము పట్టుకొన్నచో ఆ లవణము కాగితములో చేరి, ప్రతి వానకాలమునను అచ్చటనే తడిని పిలుచును. అచ్చటనే బూజు పట్టును. చేతులు కడిగి, తుడుచుకొని పుస్తకము ముట్టుట కాగితమునకు మొదటి రక్ష.

పుస్తకమును మట్టిగోడకు ఆనించియు, నేలపైనను ఉంచరాదు. చెదలు ఆ దారినే వచ్చును. మూఁత గట్టిగానుండు రేకుపెట్టెలో, ఎండిన వేపాకు మూటతో, ఎత్తైన అటుకపై నుంచుఁడు. వర్షకాలమున పొడిగానున్న దినము చూచి నెలకొకమాఱు నీడలో గాలికి పెట్టుఁడు. తీవ్రమైన ఎండ పనికిరాదు. తుపాను హెచ్చరిక వినఁగానే పట్టాదారు పుస్తకముతోపాటు ఈ పుస్తకమును కూడ దళసరి ప్లాస్టిక్కు సంచిలో చుట్టి మూతి కట్టవలెను. తుపాను పోయిన వెంటనే బయటికి తీయుట మఱువరాదు; మూసిన సంచిలోని చెమ్మ కూడ కీడే.

తడిసినచో తొందరపడి ఆకులు విడదీయరాదు. తడికాగితము చేతికి చినిఁగివచ్చును. పుస్తకమును నిలువఁబెట్టి నీరు కాఱనిచ్చి, అందినంతవఱకు ఆకుల నడుమ పొడిగుడ్డముక్కలో, వ్రాఁతలేని కాగితములో పెట్టి, అవి తడిసినపుడెల్ల మార్చుచు గాలి తగులనీయవలెను. రెండు దినములు గడచినచో బూజు మొదలగును గనుక ఈ పని మొదటినాఁడే ఆరంభింపవలెను.

ఫోనులో వ్రాసికొన్న చాలదా యని పిల్లలడుగుదురు. ఫోనును నేను కాదనను. తిత్లీ తుపాను తరువాత ఎన్నో ఊళ్లకు దినములతరబడి కరెంటు లేదు. అప్పుడు ఫోను మూగవోయినది. కాగితమునకు కరెంటు అక్కఱలేదు. కాగితము తడియును, కాలును. ఫోనులోని ఛాయాచిత్రము అట్లు తడియదు. కాఁబట్టి నెలకొకమాఱు మనుమనిచేత పుటలను ఛాయాచిత్రములు తీయించి, పరాయియూరనున్న బిడ్డకు పంపించుఁడు. రెండు చోట్ల నున్న లెక్క ఒకేమాఱు పోవుట అరుదు. బ్యాంకు రహస్యసంఖ్యలను మాత్రము ఈ పుస్తకములో వ్రాయవలదు.

తుదకు ఒక్క మాట. ఈ పుస్తకము ఎచ్చట నున్నదో, దానిని ఎట్లు చదువవలెనో ఇంటి యిల్లాలికిని, పెద్దబిడ్డలకును తెలియవలెను. యజమాని మంచముపట్టిననాఁడు వైద్యునికి చూపవలసినది వారు. ఆయన లేనినాఁడు రావలసినది రాఁబట్టి, ఈయవలసినది ఈయవలసినవారును వారే. ఒకరికే తెలిసిన లెక్క, లెక్క లేకపోవుటతో సమానము. వారముకొకనాఁడు మీ కోడలిచేతనో, మనుమరాలిచేతనో ఒక పద్దు వ్రాయించుఁడు. దస్తూరి మాఱినను లెక్క సాగవలెను.

ఉగాది రావలెనని వేచియుండ నక్కఱలేదు. ఈ వారము సంతకు పోయినపుడు కుట్టు చూచి, తూఁచి, వ్రాసిచూచి ఒక పుస్తకము కొనుఁడు. ఇంటికి వచ్చి చేతులు కడిగికొని మొదటి పుటలో ఆనాఁటి తేదీ వేయుఁడు. ఇంట రోగులున్నచో వారి పద్దు ముందు వ్రాయుఁడు.

సెలవు.